ఇంటి మెషీను

ఉదయం నుంచి గడ్డి కోసే మెషీను ఆగిపోవడం అది మూడోసారి. చెవులక్క తాడు లాగింది, మళ్లీ లాగింది. దగ్గుతోందే తప్ప స్టార్టు కావడం లేదు. నాలుగెకరాల ఆఫీసు పచ్చికలో సగం అలాగే ఉంది, నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. చప్పుడు విని మెషీను రోగం చెప్పేస్తుందని ఆమెకా పేరు పెట్టారు. ఈ రోగానికి చెవులెందుకు? ఇంటి ముందు జానెడు గడ్డి కోసుకోవడానికి చేసినదాన్ని పొద్దస్తమానం తిప్పితే ఏమవుతుంది మరి!

"ఇదింక పనికిరాదు సార్," అంది కాంట్రాక్టరుతో.

"అయితే రా, కొత్తది చూసిపెడుదువు గానీ," అన్నాడాయన.

కొట్టువాడు రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టాడు. ఎర్రది ఇళ్లలో వాడేది, పద్దెనిమిది వేలు. రెండోది దానికి రెట్టింపు బరువు, డెబ్బై వేలు.

"ఎర్రదాన్ని గంట తిప్పాక చల్లారనివ్వాలి. పెద్దది రోజంతా నడుస్తుంది. పైగా చెయ్యి తీస్తే కత్తి ఒక్కటే ఆగుతుంది, ఇంజను ఆగదు," అన్నాడు.

చెవులక్క ఎర్రదాని పిడి వైపు చూసింది. ఎర్రదానికి పిడి దగ్గర ఒక కడ్డీ ఉంటుంది. అది నొక్కి పట్టినంతసేపే ఇంజను తిరుగుతుంది, వదిలితే అన్నీ ఆగిపోతాయి. వేడెక్కిన ఇంజను ఆగిందంటే అరగంట దాకా మళ్లీ స్టార్టు కాదు, ఆ అరగంటకి కూలి కోత. అందుకని అందరూ కడ్డీని గుడ్డపీలికతో పిడికి కట్టేసేవాళ్లు. తనతో పనికొచ్చే తోడికోడలికి ఆ ముడి నేర్పింది తనే. "ఇలా కట్టావంటే చేతులు కూడా నొప్పెట్టవే," అని మురిపెంగా చెప్పింది కూడాను. పోయిన నెల ఆ పిల్ల తడిగడ్డి మీద జారింది. చేతులు పిడిని వదిలేశాయి గానీ కత్తి తిరుగుతూనే ఉంది. కుడికాలికి మూడు వేళ్లు పోయాయి. నా నోరు పడిపోను, ఎందుకు నేర్పానా అని చెవులక్క ఏడవని రోజు లేదు.

"పెద్దదే తీసుకోండి సార్."

"డబ్బులేమన్నా చెట్లకి కాస్తున్నాయా?"

"నాలుగేళ్లలో నాలుగు ఎర్రవి కొన్నారు కదా సార్."

"ఈ కాంట్రాక్టు వచ్చే ఏడు నాకు ఉంటుందో ఊడుతుందో! ఎవడి కోసం కొనాలి? ఎర్రదే చాలు. ఎప్పట్లాగే నడుపుకోండి."

"కట్టి నడపబట్టే కదా సార్ మా తోడికోడలి కాలు..."

"కట్టమని నేను చెప్పానా?" అన్నాడు నిక్షేపంగా.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. నిజమే, ఆ మాట ఆయన ఏనాడూ అనలేదు. అనకుండానే చేయించుకున్నాడు.

పచ్చిక దగ్గరికి తిరిగొచ్చాక చెవులక్క కొత్త ఎర్రదాన్ని కడ్డీ కట్టకుండానే నడిపింది. గంట గడిచాక అడ్డంగా పడున్న కొమ్మ తీయడానికి చెయ్యి వదిలింది. ఇంజను ఆగింది, మళ్లీ స్టార్టు కాలేదు. ఆమె గట్టు మీద కూర్చుంది. కాంట్రాక్టరు గబగబా వచ్చాడు.

"ఇలా కూర్చుంటే సాయంత్రానికి తెమిలేనా? ఏదో ఒకటి చెయ్యి!"

"కట్టమనే కదా మీరనేది? ఆ మాటే గట్టిగా అనండి సార్, అందరూ వింటారు."

మిగతా కూలీలు పని ఆపి ఇటే చూస్తున్నారు. ఆయన మొహం కందగడ్డయింది.

"రేపట్నుంచి రావక్కర్లేదు నువ్వు."

రెండు సంసారాలు ఇప్పుడు ఆమె ఒక్క కూలి మీదే నడుస్తున్నాయి. అయినా లేవలేదు.

"రేపటి సంగతి సరే. ఇవాళ మాత్రం కట్టను."

ఆయన విసురుగా వెళ్లి పాత మెషీనుకున్న పీలిక ఊడదీసి తెచ్చాడు. ఇస్త్రీ చొక్కాతోనే గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని కడ్డీకి చుట్టాడు. లాగితే ముడి జారిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ జారింది. చెమట తుడుచుకుంటూ తలెత్తాడు.

"ఎలా వేస్తారే దీన్ని?"

చెవులక్క చెప్పలేదు.