మేకుకు చేరని బిళ్ల

పొద్దున్నే బెంగళూరు వెళ్లే రైల్లో ఎవరికీ దాపరికం ఉండదు. ఎవరి అల్లుడు అలిగాడో, ఎవరి కూతురు పరీక్ష తప్పిందో బంగారుపేట దాటేలోపే అందరికీ తెలిసిపోతుంది. అలాంటి రైల్లో, లోకేశ ఉద్యోగం పోయిన సంగతి ఒక్క మంజుశ్రీకి తప్ప అందరికీ తెలుసు. ఆమె అతని పెళ్లాం.

బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో బతకడమంటే రైలెక్కడమే కదా. లోకేశ ఫ్యాక్టరీకి, మంజుశ్రీ గార్మెంట్స్ ఆఫీసుకు అదే రైలు ఎక్కేవాళ్లు. ఫ్యాక్టరీలో మనుషుల్ని తగ్గించినప్పుడు ఈ మహానుభావుడు ఇంట్లో నోరు విప్పలేదు. రోజూ క్యారియర్ పట్టుకుని రైలెక్కాడు. బెంగళూరు స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఆ అన్నం తిన్నాడు, సాయంత్రం రైలుకు తిరిగొచ్చాడు. వానాకాలమంతా అదే పని. చివరికి రోజూ ఆమె పక్కన కూర్చునే జయలక్ష్మమ్మ జాలిపడి చెప్పేసింది. ఆ సాయంత్రమే మంజుశ్రీ బోగీ ఆ చివర మగవాళ్ల మధ్యకు వెళ్లి, పేకాటలో ఉన్న లోకేశను లేపి నిలబెట్టి కడిగి పారేసింది. పెళ్లాం వండిన అన్నం పెళ్లాన్ని మోసం చేసి తినేవాడు మగాడేనా అని అడిగింది. బోగీ అంతా విన్నది.

తర్వాత అతనికి ఇంకో ఉద్యోగం దొరికింది. కానీ అతను దాచింది ఆమె మరిచిపోలేదు, ఆమె అన్నది అతను మరిచిపోలేదు. రైలు ఒకటే, బోగీలు వేరయ్యాయి. ఇంట్లో గ్యాస్ అయిపోయినా కూతురు శ్రీరక్షతోనే కబురు. ఎనిమిదేళ్ల పిల్ల ఆ గదికీ ఈ గదికీ తిరిగి తిరిగి విసిగిపోయింది. పోట్లాడే ఓపిక కూడా అయిపోయాక, మంజుశ్రీ పిల్లను తీసుకుని ఊళ్లోనే రాబర్ట్‌సన్‌పేటలో అద్దెగదికి మారింది.

అప్పుడు దిగాడు లక్కూరు నుంచి ఆమె అన్న రామాంజినప్ప, వెంట ఒక వకీలును పెట్టుకుని. విడాకులు ఊరికే రావన్నాడు వకీలు. కట్నం కోసం కొట్టారని కేసు పెట్టాలట, అత్తగారు లేరు కాబట్టి మామగారి పేరు ముందు రాయాలట. ముసలాణ్ణి పోలీసు స్టేషన్‌కు పిలిస్తే కొడుకు దారికొస్తాడట. ఆ ఇంటి వస్తువు ఒక్కటి కూడా తిరిగివ్వొద్దని, ఇస్తే హక్కు వదులుకున్నట్టేనని గట్టిగా చెప్పాడు. మామ మునియప్ప ఆమె మీద చెయ్యెత్తడం మాట అలా ఉంచండి, గొంతు కూడా పెంచి ఎరగడు. ఆ మాట అంటే వకీలు నవ్వి, కోర్టులో అవన్నీ నడవవన్నాడు. అటు లోకేశ కూడా ఇంకో వకీలును పట్టుకున్నాడని రైల్లో తెలిసింది. సోమవారం ఆమె సంతకం పెట్టాలి.

ఆదివారం పిల్ల బట్టల కోసం ఆమె పాత ఇంటికి వెళ్లింది. గని పనివాళ్లకు కట్టిన లైన్లలో అదొక రెండు గదుల రేకుల ఇల్లు. గడప పక్కన గోడకు నాలుగు మేకులు. గనిలోకి దిగేవాళ్లు తలా ఒక ఇత్తడి బిళ్ల తీసుకుని దిగి, పైకొచ్చాక బోర్డుకు తగిలించాలి. ఆ అలవాటు మునియప్పను గని మూతపడినా వదల్లేదు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక బిళ్ల ఇచ్చాడు. బయటికెళ్తే తీసుకెళ్లాలి, రాగానే తగిలించాలి. కొత్తకోడలుగా వచ్చినప్పుడు మంజుశ్రీ చాటుగా నవ్వుకుంది, ఆనక ఆమె చెయ్యే అలవాటుపడింది. వెళ్లిపోయిన రోజు కూడా చెయ్యి తనంతట తానే తీసి సంచిలో వేసింది. పిల్ల బిళ్ల మటుకు గోడకే ఉంది, పిల్ల చేతినుంచి తీసుకుని మునియప్పే తగిలించాడు. బడి దగ్గరికెళ్లి రోజూ చూసొస్తున్నాడుగా, పిల్ల క్షేమమని ఆయనకు తెలుసు.

ఆయన గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కళ్లు వాచి ఉన్నాయి. పక్కింటి చిన్నవెంకటమ్మ అరుగు మీదనుంచే చెప్పింది, నువ్వు పోయినకాడినుంచి ముసలాయన మంచమెక్కింది లేదని, కుర్చీలోనే కునుకుతున్నాడని.

"బిళ్ల యాడుండాదమ్మా?" అన్నాడు మునియప్ప.

వకీలు మాట గుర్తొచ్చింది. బిళ్ల సంచిలోనే ఉంది, భుజానికి తగులుతూ. "తెలీదు మామా. యాడో పడిపొయ్యుంటుంది," అన్నది.

ఆయన తలూపాడు. "షిఫ్టు అయినాక బోర్డు మీద ఒక్క బిళ్ల తక్కువుంటే, ఒక మనిషి ఇంగా లోపలుండాడని లెక్క. ఆ మనిషి పైకి వచ్చేదాకా ఎవురూ ఇంటికి పోకూడదు. నువ్వు ఈడికి రాకపోయినా పర్లేదులేమ్మా. యాడన్నా సల్లగా ఉండు. బిళ్ల మాత్రం దొరికితే తగిలిచ్చిపో."

మంజుశ్రీ బట్టలు తీసుకుని బయటపడింది. కేసు ఇంకా పెట్టనేలేదు, అప్పుడే ఆ ముసలాయనతో అబద్ధమాడేసింది. రేపు సంతకం పెడితే ఇంకెన్ని ఆడాలో.

సోమవారం ఆమె వకీలు దగ్గరికి వెళ్లలేదు. రైల్లో లోకేశ బోగీకి వెళ్లింది. పేకాట ఆగిపోయింది. మళ్లీ ఏం గొడవోనని అందరూ తలలు వంచుకున్నారు. లోకేశ పక్కన చోటు చేసుకుని కూర్చుని, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగింది.

"నీ వకీలు ఏం రాసినాడు?"

లోకేశ కిటికీలోంచి చూస్తూ, సాయంత్రం రైల్లో నువ్వు ఏ మగోడి పక్కన కూర్చుంటావో రాసినాడన్నాడు. పూర్తిగా చదవలేకపోయానన్నాడు. నా దాంట్లో మామ పేరు ముందుందని ఆమె చెప్పింది. అతను కిటికీ వదిలి ఆమె వైపు తిరిగాడు.

అతనే అన్నాడు. "ఆ పొద్దు నువ్వు అనింది నిజమే. ఈడ అనకుండా ఉంటే బాగుండేది."

"ఇంట్లో చెప్పింటే ఇంట్లోనే అనుందును."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో మళ్లీ కాపురం నడవదనీ ఇద్దరికీ తెలుసు. అతను మళ్లీ రమ్మనలేదు, ఆమె వస్తాననలేదు. వైట్‌ఫీల్డ్ వచ్చేలోపు మిగతావన్నీ తేలిపోయాయి. పిల్ల ఆమె దగ్గరే, బడి మారదు, ఆదివారాలు తాత దగ్గర. ఒకరి గురించి ఒకరు ఏమీ రాయకుండా, ఇష్టపడే విడిపోతున్నామని ఇద్దరూ కలిసి అర్జీ పెట్టాలి. రామాంజినప్ప విని శివాలెత్తాడు, చెల్లెలికి బుద్ధి లేదన్నాడు.

కోర్టువాళ్లు ఆరు నెలలు ఆగి రమ్మన్నారు. ఆగి వెళ్లారు. జడ్జిగారు ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగారు, ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు. కాసేపట్లో పని అయిపోయింది. బయటికొచ్చి లోకేశ టీ తాగుతావా అన్నాడు. వద్దులే, అలిసిపోయినానన్నది.

అబద్ధమాడిన మొహంతో ఆరు నెలలుగా తొక్కని లైన్లలోకి అక్కడినుంచి నేరుగా నడుచుకుంటూ వెళ్లింది. మునియప్ప కుర్చీ గడపలోనే ఉంది, ఆయనా అందులోనే. లోకేశ ముందే చేరి తన బిళ్ల తగిలించేశాడు. ఆమె సంచి తెరిచి ఇత్తడి బిళ్ల తీసింది.

"పడిపోలేదు మామా. నా కాడనే ఉండె. అబద్ధం చెప్పినాను."

"తెలుసులేమ్మా," అన్నాడాయన.

ఆమె బిళ్లను మేకుకు తగిలించింది. మునియప్ప ఎడమనుంచి కుడికి నాలుగింటినీ వేలితో తాకి చూశాడు. ఆమెను ఉండమనలేదు, పొమ్మనలేదు. మిట్టమధ్యాహ్నం, కుర్చీ మడిచి లోపలికి తీసుకెళ్లి, మంచం వాల్చుకుని పడుకున్నాడు. మంజుశ్రీ చెప్పులేసుకునేలోపే గురక వినపడింది.