బ్రిడీ ఒక్కసారే అడిగింది

దెబోరా కూనిరాగం తీస్తుంటే ప్రేమజ్యోతి చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం, డిట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో వాళ్ల తెలుగు సంఘం అద్దెకి తీసుకున్న చర్చి బేస్‌మెంట్. ప్రార్థన అయిపోయి అందరూ కోడి పలావు వడ్డించుకుంటున్నారు.

"ఏమిటే ఆ పాట?" అంది, ఏమీ తెలియనట్టు.

"బ్రిడీ ఆంటీ నేర్పుతున్నారక్కా. వాళ్లమ్మ పాటట. ఇక్కడ ఇంకెవరికీ రాదట!"

ఇంకెవరికీ రాదట! ప్రేమజ్యోతికి ఒళ్లు భగ్గుమంది. నిన్నగాక మొన్న పెళ్లి చేసుకుని వచ్చిన పిల్ల, మంచులో కారు తియ్యడం కూడా చేతకాని పిల్ల. దీనికా ఆ పాట?

అసలు బ్రిడీని ఈ సంఘానికి తీసుకొచ్చింది ఎవరు? ప్రేమజ్యోతి కాదూ! ఇద్దరూ ఒకే హాస్పిటల్లో నర్సులు. బ్రిడీ ఐర్లండ్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న కానెమారా అనే ప్రాంతం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. ఎనభై ఒకటిలో క్రిస్మస్‌కి పిలిస్తే వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. నరసాపురంలో వాళ్ల నాన్న చేసినట్టే ప్రేమజ్యోతి కీర్తనలో ఒక్కో పాదం ముందు తను అందిస్తోంది, పుస్తకాలు లేనివాళ్లంతా అందుకుంటున్నారు. అది విని బ్రిడీ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"స్కాట్లండ్ దీవుల్లో మా భాషకి చుట్టం లాంటి భాష ఉంది," అంది తర్వాత, ప్రేమజ్యోతి చేతులు రెండూ పట్టుకుని. "అక్కడి చర్చిల్లో కీర్తనలు అచ్చం ఇలాగే పాడతారు. ఒకాయన ముందు పాదం అందిస్తాడు, జనం ఎవరి గమకంతో వాళ్లు అందుకుంటారు. మేము క్యాథలిక్కులం, మా చర్చిలో అది లేదు. కానీ ఆ గమకాలకీ మా పాటకీ ఒకటే పోలిక."

అప్పట్నించి లంచ్ బ్రేక్‌లో బ్రిడీ వాళ్ల ఊరి పాటలు పాడేది, ప్రేమజ్యోతి వినేది. వాయిద్యం లేదు, తాళం లేదు. బ్రిడీ కళ్లు మూసుకుని పాడుతుంటే పక్కనున్న మనిషి ఆమె చెయ్యి పట్టుకుని, తిరగలి తిప్పినట్టు నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. అది వాళ్ల ఆచారం. మొదట్లో ప్రేమజ్యోతి చెయ్యి ఊరుకునేది కాదు, తాళం వేసేసేది. "లెక్కపెట్టకు, నా ఊపిరి ఎటు పోతే అటు రా," అని బ్రిడీ నవ్వేది. రెండేళ్లలో చేతికి అలవాటైంది. చెవికీ అలవాటైంది. వాళ్లమ్మ పాట మొదటినుంచి చివరిదాకా, చివరి మాట పాడకుండా మామూలుగా చెప్పేసి ఆపడంతో సహా, ప్రేమజ్యోతికి లోపల్లోపల వచ్చేసింది.

ఒకరోజు బ్రిడీ అడిగింది. "మా అమ్మ పాట నేర్చుకుంటావా?"

గుండె గంతేసింది. పైకి మాత్రం, "అబ్బే, నా వల్ల ఎక్కడవుతుంది లెండి," అంది. మరి అడగ్గానే ఎగిరి సరే అంటే ఏం మర్యాద? మన ఇళ్లల్లో ఎవరైనా అంతేగా! ఎదుటివాళ్లు "ఊరుకోండి, మీకు కాక ఇంకెవరికి వస్తుంది" అని బతిమాలాలి. మనం "మీరింతగా అంటుంటే కాదనలేను" అనాలి. ఆ రెండో అడగడం కోసం చూసింది. బ్రిడీ "సరేలే" అని శాండ్‌విచ్ విప్పుకుంది. మర్నాడూ అడగలేదు, మరుసటి నెలా అడగలేదు. ఈలోగా ఈ దెబోరా, సిగ్గూ ఎగ్గూ లేకుండా, "ఆంటీ, నాకు నేర్పరూ?" అని అడిగేసిందట. ఐరిష్ మాటలు తెలుగు లిపిలో నోట్‌బుక్‌లో రాసుకుని మరీ నేర్చుకుంటోందట.

మార్చిలో బ్రిడీ రిటైరై, వాళ్ల చెల్లెలి దగ్గరికి ఐర్లండ్ వెళ్లిపోతోంది. పాట ఎవరి దగ్గర ఉంటే వాళ్లదే ఇక. ప్రేమజ్యోతికి అన్నం సయించలేదు.

వీడ్కోలు డిట్రాయిట్ ఐరిష్ క్లబ్‌లో, శనివారం మధ్యాహ్నం. బ్రిడీ అందరికీ చెప్పింది. "మా అమ్మ పాట. నా దగ్గర దెబోరా నేర్చుకుంది." దెబోరా లేచి, హాలంతా చూసి, "అక్కా, నువ్వు చెయ్యి పట్టుకుంటేనే పాడతాను," అంది.

చెయ్యి తిప్పే పని! పాట దానికీ, పనిమనిషి చాకిరీ తనకీ. అయినా ప్రేమజ్యోతి వెళ్లి పట్టుకుంది.

మొదటి చరణం సన్నగా వచ్చినా సరిగ్గానే వచ్చింది. ముసలాయనెవరో వాళ్ల భాషలో భేష్ అన్నాడు. రెండో చరణానికి బ్రిడీ కళ్లు తుడుచుకుంది. అంతే. అది చూడగానే, ఎవరికీ తెలియకుండా, ప్రేమజ్యోతి చెయ్యి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం వేగంగా. అక్క చెయ్యే కదా అని దెబోరా గొంతు ఆ చేతి వెంట పరిగెత్తింది. గమకాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడో చరణం సగంలో ఊపిరి చాలక పాట తెగిపోయింది.

"సారీ," అని దెబోరా మొహం కప్పుకుని కోట్లు తగిలించే గదిలోకి పరిగెత్తింది.

బ్రిడీ ఆ పిల్లని చూడలేదు. ప్రేమజ్యోతి చేతినే చూస్తోంది. మెల్లగా లేచి ఆమెని కిచెన్‌లోకి తీసుకెళ్లింది.

"లెక్కపెట్టావు," అంది. "ఎందుకు?"

అబద్ధమాడదామనుకుంది ప్రేమజ్యోతి. ఏడుపొచ్చేసింది. "నాకు ఇవ్వకుండా దానికిచ్చారు! రెండేళ్లు మీ చెయ్యి పట్టుకున్నది నేను."

"నిన్నే ముందు అడిగాను. వద్దన్నావు."

"ఒక్కసారేగా అడిగారు! మాలో ఒక్కసారి వద్దంటే వద్దని కాదు. ఇంకా అడగమని!"

బ్రిడీ అక్కడున్న స్టూల్ మీద కూలబడింది.

"మా ఊళ్లోనూ అంతే," అంది. "పాటకైనా టీకైనా మూడుసార్లు అడిగితేగాని సరే అనరు. మా అమ్మయితే మూడోసారి కూడా గునిసేది. ముప్పై ఏళ్లు ఈ దేశంలో ఉండి మర్చిపోయాను. తప్పు నాదే. రెండోసారి అడుగుతున్నాను. నేర్చుకుంటావా?"

ప్రేమజ్యోతి గొంతులో పాట అంతా సిద్ధంగా ఉంది. "నా వల్ల అవుతుందా," అంది అలవాటు కొద్దీ. మూడోసారి కోసం ఊపిరి బిగబట్టింది.

అప్పుడే తలుపు తీసుకుని దెబోరా వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "అక్కా, నీ పరువు కూడా తీశాను కదా. నువ్వు చెయ్యి పట్టుకోబట్టి అంతవరకైనా పాడాను. లేకపోతే మొదటి లైన్‌లోనే ఆగిపోయేదాన్ని."

ప్రేమజ్యోతికి తల కొట్టేసినట్టయింది. బ్రిడీ నోరు విప్పి ఏ సంగతీ దెబోరాకి చెప్పలేదు. ప్రేమజ్యోతి వైపే చూస్తూ మూడోసారి అడిగింది.

"నేర్చుకుంటావా?"

"వద్దు," అంది ప్రేమజ్యోతి. ఈసారి మొహమాటానికి కాదు. "ఆ పాట దీనిది. తప్పింది ఇది కాదు, చెడగొట్టింది నేను. కావాలనే తాళం వేశాను. పదవే దెబోరా, మొదట్నించి పాడు."

దెబోరా ఆ మాట అర్థమయ్యేదాకా నిలబడి, అక్క మొహం చూసింది. తర్వాత హాల్లోకి నడిచింది, వెనకే బ్రిడీ. ప్రేమజ్యోతి వెళ్లి పక్కన నిలబడి చెయ్యి చాపింది. దెబోరా ఆ చేతిని ఒక్క క్షణం చూసి, తన చెయ్యి బ్రిడీకి ఇచ్చింది.