ముప్పై ఎనిమిది పసుపు కాగితాలు

నూట ఎనభై ఏడో కట్, అంటే తెర మీద ఒక్క షాటుకి గీసిన బొమ్మల కట్ట, బుధవారం ఉదయం పదకొండు గంటలకి మిచియో బల్ల మీదకి వచ్చింది. కవరు మీద ఉషియోదా గారి చేతిరాత. తెరవడానికి ఆమెకి భయం వేసింది.

భయానికి కారణం ఉంది. ఉషియోదా హెయిజోకి డెబ్బై ఒక్క ఏళ్ళు. పాతికేళ్ళ క్రితం మిచియోకి పెన్సిలు పట్టుకోవడం నేర్పింది ఆయనే. రెండేళ్ళుగా ఆయన్ని ఎవరూ పనికి పిలవడం లేదు. చెయ్యి వణుకుతోందని టోక్యోలో ఓగికుబో నుంచి కామి-ఇగుసా దాకా ఉన్న స్టూడియోలన్నిటా గుసగుసలు. మిచియో పట్టుబట్టి, తన పూచీ మీద, తను బొమ్మలు దిద్దే ఈ కార్టూన్ సిరీస్‌లో ఆయనకి పని ఇప్పించింది. నిర్మాణం పనులు చూసే హిరబయాషి అప్పుడు ఒకే మాట అన్నాడు.

"తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆయన కట్ బాగా వస్తే రెండో సిరీస్‌కి కూడా ఉంచుకుందాం. రాకపోతే మాత్రం మళ్ళీ నన్ను అడక్కండి."

సిరీస్ పేరు కెప్టెన్ హార్బర్. అరవై ఏళ్ళుగా అమెరికన్ కామిక్ పుస్తకాల్లో బతుకుతున్న వీరుడు. లంగరు గొలుసుల్ని చేత్తో తెంపేస్తాడు. జపాన్ టీవీ కోసం అతన్ని యోకోహామా రేవుకి తీసుకొచ్చారు. అతని వెనకే అమెరికా నుంచి అరవై రెండు పేజీల నిబంధనల పుస్తకం కూడా వచ్చింది. భుజాల వెడల్పు తలకి మూడింతలు. దవడ మూలలు ఎప్పుడూ కనిపించాలి. ముప్పై ఒకటో పేజీలో, లావు అక్షరాల్లో: పిడికిలి బిగిసే ఉండాలి.

మిచియో కవరు తెరిచింది.

రేవులో క్రేన్ కూలింది. కంటైనరు కింద ఇరుక్కున్న కూలీని కెప్టెన్ హార్బర్ బయటికి లాగాడు. ఆ కూలీ అతని చేతుల్లోనే పోయాడు. ఆ తర్వాతి కట్ ఇది. ఉషియోదా అతన్ని గట్టు మీద కూర్చోబెట్టారు. భుజాలు జారిపోయాయి. అంత పెద్ద ఒళ్ళూ ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు ఆ దుస్తుల్లో వదులైపోయింది. అతను ఒక చేతి తొడుగు తీసి, వేళ్ళు ముడవాలని చూస్తున్నాడు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. గీతంతా సన్నగా వణుకుతోంది.

ముప్పై ఎనిమిది బొమ్మల్నీ వేళ్ళ మధ్య పట్టి టపటపా తిప్పి చూసింది. అవి బొమ్మలన్న సంగతే మర్చిపోయింది. రెండోసారి తిప్పింది. ఈసారి గుసగుసలు గుర్తొచ్చాయి.

వణుకుతున్నది కెప్టెన్ హార్బర్ చెయ్యా, గురువుగారి చెయ్యా?

అడిగితే తెలిసేది. తోటివాళ్ళనైతే అడిగి ఉండేది. గురువుని పట్టుకుని "మీ చెయ్యి వణుకుతోందా" అని ఎలా అడుగుతారు? పోనీ, ఇలా గీస్తే ఒప్పుకుంటారా అని అమెరికా వాళ్ళని అడగొచ్చు. కానీ ఆ స్టూడియోలో పని ఇచ్చినవాళ్ళని అడిగే అలవాటే లేదు. వాళ్ళు నోరు తెరవకముందే వాళ్ళ మనసులో ఉన్నది కనిపెట్టి చేసెయ్యాలి. పనితనమంటే అదే. అడిగావంటే నీకు అర్థం కాలేదని ఒప్పుకున్నట్టే.

మిచియో ఎవరినీ అడగలేదు. పసుపు కాగితాల కట్ట దగ్గరికి లాక్కుంది.

బొమ్మలు దిద్దే పెద్ద ఎదుటివాళ్ళ గీతని చెరపకూడదు. దాని మీద పల్చటి పసుపు కాగితం వేసి తన గీత గీయాలి. కదలిక కోసం మధ్య బొమ్మలు పూరించేవాళ్ళు ఆ పసుపు గీతనే అనుసరిస్తారు. తెల్లకాగితం కిందే ఉండిపోతుంది. దిద్దిన సంగతి గీసినవాళ్ళకి ఎవరూ చెప్పరు. టీవీలో చూసుకున్నప్పుడు వాళ్ళకే తెలుస్తుంది. మర్యాద అంటే అదేనని అక్కడందరి లెక్క.

రెండు రోజుల్లో ముప్పై ఎనిమిది పసుపు కాగితాలు అయ్యాయి. భుజాలు లేచాయి. దవడ బిగిసింది. వేళ్ళు ముడుచుకున్నాయి. ఏ బొమ్మ తెర మీద ఎంతసేపు నిలవాలో ఉషియోదా పెన్సిలుతో రాసిన షీటు కూడా దీనికి పనికిరాలేదు. ఆ అంకెలు చెరిపేసి తనవి రాసింది.

శుక్రవారం ఫోను మోగింది.

"మిచియో, నేనేనమ్మా. కట్ అందిందా?"

"అందింది గురువుగారూ. చాలా శ్రమపడ్డారు."

"శ్రమేముంది, కూర్చుని గీయడమేగా. దిద్దాల్సింది ఉంటే మొహమాటపడకు. వెనక్కి పంపెయ్, మళ్ళీ గీస్తా. పిల్లికి అన్నం పెట్టడం తప్ప నాకేం పనుంది?"

కట్ కవరు ఇంకా ఆమె మోచేతి పక్కనే ఉంది. మధ్యాహ్నానికి గానీ బయటికి వెళ్ళదు.

"దిద్దాల్సిందేం లేదండీ. అలాగే పంపించేస్తున్నాను."

"అలాగేనా?" ఆయన గొంతు ఒక్కసారి కుర్రవాడిదైపోయింది. "అమెరికా వాళ్ళు ఏమంటారో అని నేను నిద్ర కూడా పోలేదు తెలుసా?"

"ఏమీ అనరు లెండి."

పన్నెండు రోజుల తర్వాత, ప్రసారానికి ఇంకా ఆరు రోజులుండగా, పూర్తయిన ఎపిసోడ్‌ని స్టూడియోలో వేసి చూశారు. అమెరికా కంపెనీ తరఫున కోవాల్ వచ్చాడు. తొమ్మిదేళ్ళుగా టోక్యోలోనే ఉంటున్నాడు. చేపల బజారులో బేరం చేసేవాడిలా గడగడా జపనీస్ మాట్లాడతాడు. దీపాలు వెలిగాక ముందు చప్పట్లు కొట్టాడు. తర్వాత మెడ రుద్దుకున్నాడు.

"అంతా బాగుంది. నూట ఎనభై ఏడు ఒక్కటే నాకు అర్థం కాలేదు. స్టోరీబోర్డులో 'ఇక్కడ ఇతను విరిగిపోతాడు' అని రాశారు. ఆ ఒక్క ముక్క చదివే మా వాళ్ళు ఈ సిరీస్‌కి ఊఁ అన్నారు. అరవై ఏళ్ళలో మావాడు ఒక్కసారీ విరగలేదు, జపాన్ వాళ్ళయితే విరగ్గొడతారు అనుకున్నాం. తీరా చూస్తే బిస్కట్ డబ్బా మీద బొమ్మలా ఛాతీ విరుచుకుని కూర్చున్నాడేంటండీ?"

"నిబంధనల పుస్తకంలో పిడికిలి గురించి..." అని హిరబయాషి మొదలుపెట్టాడు.

"అదా! ఆ పుస్తకం ఆటబొమ్మలు చేసే కంపెనీల కోసం. మీకు మాటవరసకి పంపాం. ఒక్క ఫోన్ కొడితే చెప్పేవాణ్ణి కదయ్యా. నాలుగు స్టేషన్ల అవతలే ఉంటాను." కోవాల్ చుట్టూ చూశాడు. "ఇంతకీ ఆ కట్ ఎవరు గీశారు?"

హిరబయాషి లేచి నడుము దాకా వంగాడు. "పొరపాటు మాది. ఇకముందు జాగ్రత్త పడతాం."

గదిలో ఉన్నవాళ్ళందరూ లేచి వంగారు. మిచియో కూడా వంగింది. అందరూ కలిసి వంగిన చోట ఎవరి పేరూ బయటికి రాదు. అది తెలిసినవాడు కనక కోవాల్ మళ్ళీ అడగలేదు.

నడవాలో కాఫీ మిషన్ దగ్గర హిరబయాషి ఆమెని ఆపాడు.

"చూశారుగా. పెద్దాయన పని అయిపోయింది. మీరు బాధపడకండి, నేనే మర్యాదగా ఫోన్ చేసి చెప్తా."

"ఆయన గీసింది అది కాదు."

"అంటే?"

"పసుపు కాగితం వేశాను."

"ఎన్నిటి మీద?"

"అన్నిటి మీదా."

హిరబయాషి కాఫీ డబ్బా మూత తియ్యబోయి ఆగిపోయాడు. "ముప్పై ఎనిమిదింటి మీదా? అది దిద్దడం కాదు మిచియో గారూ, పాతిపెట్టడం. మరి ఇందాక లోపల నోరు విప్పలేదేం?"

అతను గడియారం చూసుకున్నాడు.

"సరే. ఆరు రోజులుంది. తెల్లకాగితాలు ఉన్నాయా?"

"కవర్లోనే ఉన్నాయి."

"పసుపు తీసేద్దాం. నలుగురిని కూర్చోబెడితే రెండు రోజుల్లో మధ్య బొమ్మలు అయిపోతాయి. ఆయన రాసిన టైమింగ్ షీటు?"

"చెరిపేశాను."

"చంపేశారు!" హిరబయాషి గోడకి చేరగిలబడ్డాడు. "ఊహించి రాయలేరా?"

"లేను. ఆ వణుకు ఒక్క లిప్త అటూ ఇటూ అయితే చలిజ్వరం వచ్చినట్టుంటుంది. ఆయనొక్కరే చెప్పగలరు."

"అయితే ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నారు? వెళ్ళండి!"

హిగాషి-మురయామాలో ఉషియోదా ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆయన సంబరంగా ఎదురొచ్చి, బార్లీ టీ పోసి, బియ్యం బిళ్ళల పళ్ళెం ముందు పెట్టారు. పిల్లి వచ్చి ఆమె సంచీని వాసన చూసిపోయింది. మిచియో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ చాప మీద ఆన్చి, తల వంచి జరిగిందంతా చెప్పింది. ఫోనులో ఆడిన అబద్ధంతో సహా.

ఆయన టీ కప్పు కింద పెట్టారు.

"అన్నీనా?"

"అన్నీ."

"చెయ్యి కూడా?"

"చెయ్యి కూడా గురువుగారూ."

"అమెరికా వాళ్ళ కోసమా?"

అవునంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. "ఆ నిబంధన ఉంది. కానీ అదొక్కటే కాదు. వణుకుతోంది మీ చెయ్యేమో అనుకున్నాను."

ఉషియోదా పకపకా నవ్వేశారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు.

"వణుకుతుందమ్మా. పొద్దున్నే గడ్డం గీసుకునేటప్పుడు వణుకుతుంది. పెన్సిలు పట్టుకుంటే మాత్రం వణకదు. ఎందుకో నాకూ తెలీదు." టీ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "మార్చిలో మా ఆవిడ పోయినప్పుడు నువ్వూ వచ్చావుగా. దహనం అయ్యాక ఎముకలు పుల్లలతో ఏరి కుండలో వేస్తున్నాం చూడు, అప్పుడు వణికింది. వేళ్ళు నా మాట వినలేదు. అంత ఏడుపులోనూ, ఇది గుర్తుపెట్టుకో, ఎప్పుడో గీయొచ్చు అనుకున్నాను. మనం అలాంటి వెధవలం మరి."

మిచియో ఆ రోజు ఆయన పక్కనే నిలబడి ఉంది. ఆయన చేతివైపు చూడలేదు.

ఆమె సంచీలోంచి ఖాళీ టైమింగ్ షీటు తీసి ముందుకి జరిపింది. "అంకెలు చెప్పండి. నేను రాసుకుంటాను. ఇంకా టైముంది."

ఆయన ఒక్క వేలితో షీటుని వెనక్కి తోశారు.

"వద్దు."

"గురువుగారూ!"

"వేసిన పసుపు కాగితం తియ్యకూడదు. నీకు నేర్పింది నేనే."

"తప్పు వేశానని నేనే ఒప్పుకుంటున్నానుగా!"

"నువ్వు ఒప్పుకుంటావు. నీ కింద ఇరవై మంది గీస్తున్నారు. గురువు ముఖం చిన్నబుచ్చుకుంటే కాగితం పీకేసిందిరా అంటారు. రేపట్నుంచి నీ గీతని ఎవడు లెక్కచేస్తాడు?"

"చెయ్యకపోతే పోనివ్వండి. నాకక్కర్లేదు."

"సిరీస్‌కి కావాలి." ఆయన గొంతు పెంచలేదు. "ఆ శుక్రవారం నీతో మాట్లాడాక బయటికెళ్ళి పాముచేప అన్నం తిన్నాను. మా ఆవిడ పోయాక అదే మొదటిసారి. కొట్టువాడికి కూడా చెప్పాను, నా కట్ ఒక్క గీత మార్చకుండా వెళ్ళిందోయ్ అని."

ఆమె చాప మీదకి మరింత వంగింది. ఆయన లేచి పిల్లి గిన్నెలో నీళ్ళు మార్చి వచ్చారు.

"లే, లే. పదకొండో ఎపిసోడ్‌వి రెండు కట్లు నా దగ్గరున్నాయి, గీసి పంపుతా. ఆ నిబంధనల పుస్తకం నీ దగ్గరుంటే ఇచ్చి వెళ్ళు. నేను సరిగ్గా చదివినట్టు లేను."

మిచియో తన పుస్తకం ఆయన చేతుల్లో పెట్టింది. ఇవ్వకుండా వచ్చి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

తొమ్మిదో ఎపిసోడ్ ఉన్నది ఉన్నట్టే ప్రసారమైంది. ఎవరూ ఏమీ అనలేదు. కెప్టెన్ హార్బర్ పిడికిలి బిగించి గట్టు మీద కూర్చున్నాడు. చూసినవాళ్ళు చూశారు.

మూడు వారాలకి ఉషియోదా కట్లు వచ్చాయి. మిచియో తలుపు వేసుకుని కవరు విప్పింది. భుజాల వెడల్పు తలకి సరిగ్గా మూడింతలు. ప్రతి కాగితం మీదా దవడ మూలలు. ప్రతి కాగితం మీదా బిగిసిన పిడికిలి. వేళ్ళ మధ్య పెట్టి తిప్పింది. ఎక్కడా తడబాటు లేదు, ఎక్కడా ప్రాణం లేదు. గంటసేపు పెన్సిలు పట్టుకుని కూర్చున్నా దిద్దడానికి ఒక్క గీత దొరకలేదు.

తలుపు తోసుకుని వచ్చిన హిరబయాషి ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. "అబ్బో! ఈ వయసులో ఎంత శుభ్రంగా గీశారండీ! ఎవరో చెయ్యి వణుకుతోందన్నారు, వాళ్ళ కళ్ళు పోను. రెండో సిరీస్‌కి ఖాయం. మీరే ఫోన్ చేసి చెప్పండి, సంతోషిస్తారు."

ఆమె ఫోన్ చేసింది.

"చాలా సంతోషం. మీ దయ మిచియో గారూ," అన్నారు ఆయన. పాతికేళ్ళలో ఎప్పుడూ ఆమెని మీరు అనలేదు.

"గురువుగారూ, ఈసారి మీ ఇష్టం వచ్చినట్టు గీయండి. కోవాల్ గారితో నేను మాట్లాడతాను. ఎవరితోనైనా మాట్లాడతాను."

"అయ్యో, ఎందుకండీ మీకంత శ్రమ? పుస్తకం ఉందిగా."

ఆయన మరో రెండేళ్ళు గీశారు. ఒక్క కట్ కూడా ఆలస్యం కాలేదు. ప్రతిసారీ మిచియో తలుపు వేసుకుని కవరు విప్పేది. ఒక్క వంకర గీతైనా ఉంటుందేమోనని కిటికీ వెలుగులో ఒక్కో కాగితమే పట్టి చూసేది. చివరికి మూల తన ముద్ర వేసి, కవరు మూసి, పక్క బల్ల మీద పెట్టేది.