వంద పోయినయ్, వంద వచ్చినయ్

జిలానీ కంప్యూటరు వెనక నుంచి గోడలోకి పోయే తీగను ఊడబెరికి, కంప్యూటరుకున్న ఆ రంధ్రంలో తాను చేసుకున్న చిన్న ప్లగ్గు దూర్చాడు. ప్లగ్గులోని తీగముక్కలు బయటికి వెళ్లిన మాటను అక్కడికక్కడే వెనక్కి మళ్లిస్తాయి. కంప్యూటరు లోపల ఉండి మాటలు పంపే కార్డు పలికింది ఆ కార్డుకే వినబడాలి. వినబడితే కార్డూ, దాన్ని నడిపించే డ్రైవరు అనే ప్రోగ్రామూ బాగున్నట్టే. జబ్బు బయట ఉన్నట్టు. తెర మీద అంకెలు కదిలాయి. వంద మాటలు పంపితే వంద తిరిగి వచ్చాయి. మేనేజరు గదిలోని రెండో కంప్యూటరూ అదే చెప్పింది.

ఎల్లారెడ్డిలోని ఆ విత్తనాల సొసైటీలో ఈ రెండు కంప్యూటర్ల మధ్య నెల రోజులుగా మాటల్లేవు. నేరం రుక్మాబాయి నెత్తిన పడింది. చనిపోయిన భర్త నౌకరీలో చేరి, మద్నూరు నుంచి వచ్చి టైపు చేసుకుంటున్న మనిషి. డ్రైవరు చెడగొట్టింది ఆమేనని మేనేజరు బాలనర్సయ్య కాగితం రాయించాడు. మెకానిక్ సంతకం పడితే ఆమె రేపు ఇంటికే. గోడలో తీగ వేసింది మేనేజరు బావమరిది మరి! ఆడలేక మద్దెల ఓడన్నారట.

జిలానీకి యాభై రెండేళ్లు. రేడియోల మీద వంగీ వంగీ మెడ ముందుకు వచ్చింది. బొటనవేలి నిండా తీగలు అతికే సోల్డరుతో కాలిన మచ్చలు. రేడియోల తర్వాత టీవీలు, వాటి వెనకే ఇవి వచ్చాయి. నలభై ఆరో ఏట కామారెడ్డిలో కాలేజీ పిల్లల పక్కన కూర్చుని ఈ పని నేర్చాడు. ఎవరేమన్నా "అచ్ఛా" అని తలూపే రకం. వెనకట సినిమాహాలు యాంప్లిఫయరును ఓనరే కాల్చేసి, "నీ మీద ఏసుకో జిలానీ" అంటే తలూపాడు. ఏడేళ్లు ఊళ్లో ఎవరూ పని ఇవ్వలేదు.

బాలనర్సయ్య కాగితం జరిపాడు. "దస్తఖత్ పెట్టు."

"కార్డు మంచిగున్నది సార్. డ్రైవరు మంచిగున్నది. తీగలనే ఉన్నది కథంత."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మేనేజరు ముఖం మాడిపోయింది. కామారెడ్డికి, జిలానీ పనిచేసే షాపు యజమాని స్వామిదాసుకు ఫోను కలిపి, సంగతి చెప్పి, రిసీవరు జిలానీ చేతికిచ్చాడు.

"ఏంది జిలానీ గీ లొల్లి? సంతకం పెట్టకుంటే రేపటి సంది షాపుకు రాకు."

"రాను సార్."

తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చింది. భయం వేసింది. భయం కన్నా సంతోషం ఎక్కువ వేసింది.

"నా కోసం నౌకరీ పోగొట్టుకుంటవా అన్న?" అంది తన బల్ల దగ్గర నిలబడి వింటున్న రుక్మాబాయి.

"నీ కోసమే కాదమ్మా. ఒకపారి అబద్ధం ఒప్పుకున్న. దాని రుచి నాకు ఎరుకే."

కాగితం మీది రాతను అడ్డంగా కొట్టేసి, "గోడలోని తీగ చెడ్డది" అని రాసి, దాని కింద సంతకం పెట్టాడు. సంచిలోంచి కొత్త నీలం తీగ తీసి రెండు కొసలకూ ప్లగ్గులు బిగించాడు. దాన్ని రుక్మాబాయి బల్ల నుంచి నేల మీదుగా, గడప మీదుగా మేనేజరు బల్ల దాకా పరిచాడు. ఆమె ఒక రైతు పేరు కొట్టింది. ఆ పేరు లోపలి తెర మీద వచ్చింది. విత్తనాల కోసం నిలబడ్డ రైతులంతా గుమ్మంలోకి వచ్చి చూశారు.

"గడపకు అడ్డమున్నది, తీసెయ్," అన్నాడు బాలనర్సయ్య.

"మీరే తీయండి సార్, గిందరి ముందట."

జిలానీ సంచి భుజానికి వేసుకుని నాలుగు గంటల కామారెడ్డి బస్సెక్కాడు. షాపుకు మళ్లీ పోలేదు.

రుక్మాబాయి ఆ బల్ల దగ్గరే పని చేసుకుంటోంది. బాలనర్సయ్య మాత్రం రోజూ తన గదిలోకి పోయేటప్పుడు ధోవతి కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గడప మీద అడ్డంగా పడివున్న ఆ నీలం తీగను దాటుతున్నాడు.