మోచేయి ఎత్తు

నేను ఒక వంటగట్టును. తొమ్మిదడుగుల నల్ల గ్రానైట్ పలకను. కాకినాడలో సత్తిరాజుగారి ఫ్లాట్‌లో నన్ను బిగించారు. ఒకప్పుడు నా అందం గురించి మొదలుపెడితే ఆపేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తోంది.

కొండలోంచి కోసి, సానబట్టి, లారీలో నిలబెట్టి తెచ్చారు. ఇల్లు కొత్తగా తీర్చిదిద్దడానికి వచ్చిన డిజైనర్ అమ్మాయి హారిక నన్ను చూడగానే ముచ్చటపడింది. హాలు కిటికీ దగ్గర మొదలై వంటింటి పొయ్యి దాకా ఎక్కడా తెగకుండా ఒకే నల్లగీతలా నేను సాగాలని ఆమె ఊహ.

ఊహ ఒక్కటే కాదు, కొలత కూడా తీసుకుంది పాపం. "వండేవాళ్ళ మోచేయి ఎత్తు చూసి గట్టు కట్టాలండీ" అంది. సత్తిరాజుగారు టక్కున లేచి చెయ్యి మడిచి నిలబడ్డారు. ఆరడుగుల మనిషి. పొయ్యి ఎలా వెలిగించాలో కూడా తెలియదు. వండేది ఆయన భార్య మంగతాయారుగారు. ఆవిడ ఆయన భుజం దాకా కూడా రారు. ఆ సమయానికి ఆవిడ లోపల వీళ్ళిద్దరికీ కాఫీ కలుపుతున్నారు. ఈ సంగతి, ఇల్లు చూడ్డానికొచ్చిన చుట్టాలకు ఆయనే నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వుకున్నాను.

మంగతాయారుగారు భుజాలు పైకెత్తి కూరలు తరిగేవారు. వారం తిరక్కుండానే అడిగారు. "ఏవండీ, గట్టు కాస్త ఎత్తయ్యిందేమోనండి?"

"అలవాటైపోద్దిలేవే. రాయి చూడు, అద్దంలా ఉంది!"

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆవిడ పీట తెచ్చుకుని ఎక్కి నిలబడ్డారు.

ఒక ఆదివారం అన్నం గిన్నె వంచి గంజి వారుస్తుంటే ఆ పీట జారింది. ఆవిడ నా అంచు పట్టుకోబోయారు. అంచు కూడా నున్నగా ఉండాలని సానబట్టించారు కదా, చెయ్యి జారిపోయింది. మరిగే గంజి కుడిచేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా పడింది. అయ్యో, నాలో ఒక్క గరుకు చోటున్నా ఆ చెయ్యి ఆగేదే! చూడ్డానికొచ్చినవాళ్ళు పీటనన్నారు, గిన్నెనన్నారు, ఆవిడ తొందరనన్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు. నోరుంటే తప్పు ఒప్పుకునేదాన్ని.

సంగతి తెలిసి హారిక వచ్చింది. చేతికున్న కట్టు చూసింది, పీట చూసింది. "ఆంటీ, అసలు మీ కొలతే తీసుకోలేదండి నేను. గట్టు కోసి కిందకి దింపిస్తాను. గీత తెగితే తెగనివ్వండి."

మంగతాయారుగారు అలవాటు కొద్దీ "కూచోమ్మా, కాఫీ తెస్తా" అని లేవబోయారు.

"నువ్వక్కడ నిలబడవే. నేను పెడతాను" అన్నారు సత్తిరాజుగారు. పొయ్యి వెలగడానికే ఐదు నిమిషాలు పట్టింది. పంచదార ఎక్కడుందో తెలియక నా మీదున్న డబ్బాలన్నీ తెరిచారు. అవతల హాల్లో ఆవిడ ఎడమచెయ్యి మడిచి నిలబడితే హారిక నేల మీద కూర్చుని టేపు పట్టింది.

మర్నాడు కోతమిషను వచ్చింది. కిటికీ వైపు ముక్క పాత ఎత్తులోనే ఉండిపోయింది, చుట్టాలు ఇప్పటికీ దాన్నే మెచ్చుకుంటారు. నేను పొయ్యి వైపు ముక్కను. ఆరంగుళాలు దిగాను. మంగతాయారుగారు ఇప్పుడు పీట ఎక్కడం లేదు. అలసటగా ఉంటే కుడిచెయ్యి నా మీద ఆనించి, "ఇప్పుడు హాయిగా ఉంది" అనుకుంటారు. ముడతలు పడ్డ ఆ చర్మం నాకు తగులుతుంది.

నా మీద ఏ మరక పడినా ఆవిడ ఒక్క గుడ్డతో తుడిచేస్తారు. ఆవిడ చేతి మీద మరకను నేను తుడవలేను.