కాలవగట్టు ఉత్తరం

ఆ ఊరికి బతుకుతెరువు కోసం వచ్చే మనవాళ్ళకి పదమూడేళ్ళుగా మొదటి మజిలీ సెలూనాయన దుకాణమే. రైలు దిగినవాళ్ళు పెట్టె పట్టుకుని నేరుగా అక్కడికే వచ్చేవారు. లోపల అద్దాల ముందు రెండు కుర్చీలు, గోడవారగా ఒక బల్ల, బల్ల చివర టీ ఫ్లాస్కు, దాని పక్కన దరఖాస్తుల కట్ట. వచ్చినవాళ్ళకి ముందు టీ పోసి, గది ఎక్కడ దొరుకుతుందో చెప్పి, అక్కడి భాషలో దరఖాస్తు నింపి పెట్టేవాడు. కుర్రాళ్ళు ఉద్యోగం అడగడానికి వెళ్ళే రోజు ఊరికే కటింగు కూడా చేసేవాడు. ఈ పనులన్నిటికీ కలిపి తరవాత తరవాత సంఘం అని పేరు వచ్చింది. సంఘానికి వేరే చిరునామా లేదు, సెలూను చిరునామాయే. అందరూ ఆయన్ని ‘పెద్దన్నా’ అని పిలిచేవారు. ఆ పిలుపు చెవిన పడితే ఆయన చేతిలో కత్తెర ఇంకాస్త హుషారుగా ఆడేది.

ఆయన బావమరిది ప్లంబరు. మూడేళ్ళ కిందట సెలూనాయనే కాగితాలు పెట్టి రప్పించి, పనిలో కుదిర్చాడు. పదిమాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి. కొన్నాళ్ళు సంఘంలో టీ కప్పులు కడిగాడు. ఒక ఆదివారం ఏమనిపించిందో, తాము ఉండే ఇళ్ళ వెనక మురికి కాలవ గట్టు మీద సీసాలూ ప్లాస్టిక్ సంచులూ ఏరడం మొదలుపెట్టాడు. పై ఆదివారం అతనితో ముగ్గురు చేరారు. ఏడాది తిరిగేసరికి గట్టు పొడవునా మొక్కలు లేచాయి. ఆ ఊరివాళ్ళు కూడా పలుగూ పారా పట్టుకుని రాసాగారు. వాళ్ళతో కలిసి గోతులు తవ్వుతూ మనవాళ్ళు ఆ భాష నేర్చుకున్నారు. ఆ పరిచయాలతోనే ఇద్దరికి బేకరీలో పని దొరికింది, ఒకావిడకి ఆసుపత్రి వంటగదిలో.

సెలూన్లో బల్ల ఖాళీ అయింది. ఒకరోజు కొత్తగా వచ్చిన అమ్మాయి పెట్టెతో సహా గుమ్మంలో నిలబడింది. సెలూనాయన సంబరంగా ఫ్లాస్కు మూత తీశాడు.

“అన్నా, మొక్కలన్న అంటారే, ఆయన ఎక్కడుంటారు?” అంది ఆ అమ్మాయి.

టీ కూడా తాగకుండా దారి కనుక్కుని వెళ్ళిపోయింది. సెలూనాయన తీసిన ఫ్లాస్కు మూత మళ్ళీ బిగించాడు.

రాత్రి అన్నం దగ్గర భార్యతో అన్నాడు. “మీ తమ్ముడు పెద్ద నాయకుడయ్యాడు. ఇంక మనతో ఏం పనిలే!”

“వాణ్ణి పిలిపించింది మీరే కదండీ. వాడికి నలుగురిలో మంచి పేరొస్తే మీకెందుకు కడుపుమంట?”

“కడుపుమంటా? నాకా?” అంటూ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

తరవాతి సోమవారం సంఘం పేరిట పురపాలక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే శుక్రవారం కాలవ గట్టు మీద పిచ్చిమొక్కల్ని మిషనుతో కొట్టించేస్తున్నాం, మీరు నాటిన మొక్కల పక్కన కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టుకోండి, గుర్తు లేనివి మిగలవు అని అందులో ఉంది. సెలూనాయన రెండుసార్లు చదివాడు. రేపు చెబుదాంలే అనుకుని తువ్వాళ్ళ సొరుగులో పెట్టాడు.

మర్నాడు బావమరిది తనంతట తానే వచ్చాడు. సెలూన్లో కుళాయి కారుతోందని అక్క చెప్పిందట. స్పానరుతో బిగిస్తూ అన్నాడు, “బావా, వచ్చే నెల పేపరువాళ్ళు గట్టు ఫొటోలు తీస్తారట. నన్ను మధ్యలో నిలబడమంటున్నారు. నాకు సిగ్గేస్తోంది.”

అప్పటికే సొరుగు మీదికి వెళ్ళిన సెలూనాయన చెయ్యి వెనక్కి వచ్చేసింది. తన దుకాణానికి పదమూడేళ్ళలో ఏ పేపరువాడూ రాలేదు. “నిలబడు, నిలబడు. నీ అంతవాడు లేడు కదా!” అన్నాడు. బావమరిది దాన్ని మెచ్చుకోలే అనుకుని నవ్వాడు.

బుధవారం వెళ్ళింది, గురువారం వెళ్ళింది. మిషను నడిపేవాడికి మాత్రం కళ్ళుండవా, చూసి నడుపుతాడులే అని సెలూనాయన తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి గట్టు గుండు గీసినట్టయింది. నూట పాతిక మొక్కల్లో మిగిలినవి తొమ్మిది.

శనివారం బావమరిది వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. “రేపు సంఘం మీటింగుకి మునిసిపల్ ఆఫీసరు వస్తున్నాడు బావా, కాస్త కటింగు చెయ్యండి. ఆఫీసుకి వెళ్ళి అడిగి ఉంటే ముందే తెలిసేది. నా బుద్ధితక్కువే. అందరి కష్టమూ మట్టిపాలు చేశాను.” అద్దంలో అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

సెలూనాయన కుడివైపంతా కత్తిరించి, ఎడమవైపుకి తిరిగి ఆగిపోయాడు. కత్తెర ఆడలేదు. సొరుగు లాగి ఉత్తరం తీసి అతని ఒళ్ళో పెట్టాడు.

“సోమవారం వచ్చింది.”

బావమరిది చదివాడు. “మర్చిపోయారా?”

“లేదు.”

“మరి?”

“నిన్ను చూసి ఓర్వలేకపోయాన్రా.”

బావమరిది మెడకి కట్టిన గుడ్డ తనే విప్పుకుని, మడిచి కుర్చీ మీద పెట్టి, సగం తలతోనే వీధిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు మీటింగుకి కూడా ఆ తలతోనే వచ్చాడు. జనం నవ్వాలో ఊరుకోవాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేం ముందే ఉత్తరం పంపాం కదా అన్నాడు ఆఫీసరు. గదిలో గుసగుసలు లేచాయి. ఉత్తరం ఏమైందని ఎవరో గట్టిగా అడిగారు. బావమరిది లేచి, “ఉత్తరాల సంగతి నేను చూసుకోవాల్సింది. తప్పు నాదే” అన్నాడు.

అప్పుడు సెలూనాయనకి ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పాలంటే అది పశ్చాత్తాపం ఒక్కటే కాదు. ఇందులో కూడా మంచివాడు వీడే అవుతాడా అన్న ఉక్రోషం. దిగ్గున లేచాడు.

“వాడి మాట నమ్మకండి. ఉత్తరం నాకొచ్చింది. నేనే దాచాను. కావాలనే దాచాను.”

 ఎవరి నోటికొచ్చింది వాళ్ళు అన్నారు. ఆయన తలవంచుకుని అన్నీ విన్నాడు. ఆ రోజే సంఘం చిరునామా మార్చేశారు. సెలూనుకి గిరాకీ సగానికి సగం తగ్గింది. భార్య వారంరోజులు మాట మానేసి, తమ్ముడి తల మిగతా సగం వంటింటి కత్తెరతో తనే సరిచేసింది. అది మెట్లుమెట్లుగా వచ్చింది. వీధిలో అతను ఎదురుపడ్డప్పుడల్లా సెలూనాయన చేతులు దురదపెట్టేవి, కానీ తల తిప్పుకుని వెళ్ళిపోయేవాడు.

వానలు మొదలైన ఆదివారం సెలూనాయన దుకాణం మూసి, పార పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఓ చివర నిలబడి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి బావమరిది వచ్చి చూశాడు.

“ఈ లోతు చాలదు బావా. ఇంకో జానెడు తియ్యాలి.”

తీశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. పది గోతులయ్యేసరికి ఎవరో దూరం నుంచి “మొక్కలన్నా!” అని కేకేశారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా బావమరిది వైపు తిరిగారు. సెలూనాయన తవ్వడం ఆపేశాడు.

“ఇంకా పోలేదురా,” అన్నాడు పార మీద ఆనుకుని.

“ఏంటది?”

“అదే. కుళ్ళు.”

బావమరిది ఆయన వంక ఓ క్షణం చూసి, నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. “ఉంటే ఉండనివ్వండి, ఈసారి చెప్పారుగా. ఆ బకెట్ ఇలా అందివ్వండి.”

సెలూనాయన బకెట్ అందించాడు.