మూడో ఏటి ఆకు

బొమ్మక్క కట్టిన చివరి చీపురు అరిగి అరిగి జానెడయింది. దానితో వాకిలి ఊడవాలంటే ఆమె భర్త తిరుపతిసామి గొంతుక్కూర్చోవాలి. అలాగే కూర్చుని ఊడ్చేవాడు. కోడలు సత్యప్రియ చూడలేక కోవిల్‌పట్టిలో ప్లాస్టిక్ చీపురు కొనితెస్తే, దాన్ని పశువుల కొట్టంలోకి విసిరేశాడు. ఆయనతో ఏదైనా అనడం ఆ ఇంట్లో మానేసి చాలా కాలమయింది.

ఆయనకు కావలసింది వత్రాప్ కొండవాలు ఆకుతో కట్టిన చీపురు. ఆ వాలు బొమ్మక్కకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన నేల. ఉసిరిచెట్లు ఎడమెడంగా ఉంటాయి. వాటి నీడన, నేలకు అంటుకుని చిట్టీత. దానికి మాను ఉండదు, ఆకే చెట్టు. ఆ ఆకు కోసి, ఆరబెట్టి, చీల్చి బొమ్మక్క చీపురు కట్టేది. నల్లరేగడి దుమ్ము ఆ చీపురుకు లొంగినట్టు మరి దేనికీ లొంగదు.

మాసి నెలలో, ఎండలు మొదలయ్యే వేళ, ఆ వాలుకు నిప్పు పెట్టడం మగవాళ్ళ పని. చుట్టూ గడ్డి గీకి, గాలి పడిపోయిన పొద్దుటిపూట ముట్టించి, పచ్చికొమ్మలు చేతపట్టుకుని కాపలా కాయాలి. మంట మోకాలెత్తున పాకి, ఎండుగడ్డినీ ముళ్ళమొలకలనీ తినేసి, ఉసిరిమానుల్ని ముట్టకుండా వెళ్ళిపోతుంది. నాలుగు వారాలకు మసి నేలలోంచి పచ్చగా చిగురు. కోత ఆడవాళ్ళ పని. వాళ్ళు ఎప్పుడు వెళ్ళేవారో, ఎంత ఆకు కోసేవారో తిరుపతిసామి ఏనాడూ అడగలేదు. "కొండ కాల్చాల" అని బొమ్మక్క అన్న ఏడాది వెళ్ళి కాల్చి వచ్చేవాడు, అంతే.

ఆమె పోయాక చెప్పేవాళ్ళు లేరు. కాలిస్తే కదా చిగురు వచ్చేది అనుకుని ప్రతి మాసికీ తానే వెళ్ళి కాల్చాడు. ఏటేటా గడ్డి దట్టమయింది, ఆకు పొట్టిదయింది. పోయిన ఏడు కోయబోతే అరచెయ్యంత కూడా లేదు. బిరుసు ఆకు. కొన్ని దుబ్బులు చచ్చే పోయాయి. ఉన్నదాన్నే కోసుకొచ్చి కట్టబోతే కట్ట నిలవలేదు. ఈసారి ఇంకా గట్టిగా కాల్చాలని నిశ్చయించుకున్నాడు. కానీ ఆ పొట్టి ఆకు చూసినప్పుడల్లా మనసు కుదుటపడేది కాదు. చివరికి దాన్ని గోనెసంచిలో వేసుకుని విరుదునగర్ బస్సెక్కాడు.

అక్కడ బొమ్మక్క చెల్లెలు సెల్లత్తాయి ఉంటుంది. బొమ్మక్క పోయిన రోజు, బంధువులందరి ముందూ ఆమె ఆయన మొహానే అంది: అక్క ఎక్కడికి పోతాదో, ఏం చేస్తాదో ఒక్కనాడైనా చూసినారా అని. ఆ తర్వాత తిరుపతిసామి ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు కూడా తొక్కలేదు. అరుగు మీదే కూర్చుని, ఆమె ఇచ్చిన నీళ్ళచెంబు పక్కన పెట్టి, సంచి కుమ్మరించాడు.

సెల్లత్తాయి ఒక ఆకు తీసి తిప్పి చూసింది.

"ఏటేటా కాలుస్తా ఉండారా బావా?"

"మీ అక్క కాల్చమనేది కదా."

"ఏటేటా అనిందా? ఒక ఏడు కాల్చి రెండేళ్ళు విడిచిపెట్టేది. కాలిన దుబ్బు వేర్లో దాచుకున్న బలమంతా పెట్టి ఆకు తోస్తాది. ఆ ఆకు మళ్ళీ వేరుకు కూడు పెట్టాల. మీరు అన్నం కలిపేలోపే విస్తరి లాగేస్తా ఉండారు."

"అట్లయితే ఇంగ కాల్చనే కాల్చను."

"అప్పుడు ముళ్ళపొదలు మూసేస్తాయి. ఇంగ రెండు మాసిలు విడిచిపెట్టండి. ఆకు మోచెయ్యి దాటినాక కొయ్యాల, ఆ పైన కాల్చాల."

"నాకు ఇదంతా ఎవరు చెప్పినారు?"

"మీరు ఎవుర్ని అడిగినారు?"

తిరుపతిసామి లేచాడు. రెండేళ్ళు తానుంటానో లేదో అన్నాడు, ఆమెతో కాకుండా వీధితో అన్నట్టు.

"మీరు లేకపోతేనేం, ఆకు ఉంటాది," అంది సెల్లత్తాయి.

మాసి వచ్చింది. చుట్టుపక్కల వాలులు కాలుతుంటే అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని వెళ్ళి, తన గట్టు మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి వచ్చేశాడు. రెండో మాసికి వెళ్ళనే లేదు. వెళ్తే చెయ్యి ఊరుకోదని భయం.

కానీ ఆ ఏడు దీపావళి నాటి ఐప్పసి వానలు పడ్డాక ఇంట్లో ఉండలేకపోయాడు. మగవాళ్ళెవరూ కొండకు పోని కాలమది. పోయి చూస్తే, ఆయన ఎరిగిన వాలు కాదు. మసి లేదు, పొగ లేదు. చిట్టీత దుబ్బుల నడుమ నేలతాడి పసుపుపచ్చగా పూసి ఉంది. అక్కడ పువ్వులు పూస్తాయనే ఆయనకు తెలియదు.

పెద్ద ఉసిరిచెట్టు కింద వాలుకు ఒరిగిన బండ ఒకటి ఉంది. దాని అంచు కొడవలి నూరి నూరి నున్నగా గుంటపడింది. పక్కన, వాన తగలని చోట, తెల్లటి గీతలు. తమలపాకుకు రాయగా మిగిలిన సున్నం వేలితో తుడిచిన గీతలు. ఇంట్లో బొమ్మక్క తలుపుచట్రానికి అలా తుడిస్తే ఆయన అరిచేవాడు. ఆమె తడిగుడ్డతో తుడిచేసేది.

ఇక్కడ తుడిచే పని లేదు.

కాల్చిన ప్రతిసారీ ఆయన నిలబడింది ఈ బండకు పిలిస్తే వినపడేంత దూరంలోనే.

బండ మీద కూర్చుని ఒక ఆకును చేతికి ఆనించి కొలిచాడు. మోచేతికి కొంచెం ఇవతలే ఆగింది. సంచిలో కొడవలి ఉంది. ఆకును వదిలేశాడు. అది వెనక్కి పోయి ఊగింది. సెల్లత్తాయికి ఫోను చేశాడు.

"వచ్చే ఏడు ఆకు కొయ్యాల. నువ్వు రావాల."

సెల్లత్తాయి, అక్క పోయిన రోజు తానన్న మాట మరిచిపోయారా అని అడిగింది.

"మరవలేదు. మరవను. కొడవలి తెచ్చుకో."

ఫోను జేబులో పెట్టి, సున్నపుగీత మీద తన వేలు ఆనించాడు. వేలు గీత కంటే లావుగా ఉంది. పొద్దు వాలేదాకా అలాగే ఉంచాడు.